ఎండవైపు నారింజ, నీడవైపు లంగ్‌వర్ట్: బే ఏరియా పెరట్లో రెండు మొక్కల సమీక్ష

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో, ఫ్రీమాంట్, శాన్ హోజే, సన్నీవేల్ వంటి ఊళ్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు వసంతకాలంలో నర్సరీకి వెళ్తే రెండు మొక్కల దగ్గర తప్పకుండా ఆగుతారు. ఒకటి ఐదు గ్యాలన్ల కుండీలో, అప్పటికే ఒకటి రెండు కాయలు పట్టుకుని నిలబడి ఉండే నారింజ అంటు మొక్క. రెండోది నీడ మొక్కల వరుసలో, వెండి మచ్చలున్న ఆకుల నడుమ ఒకే కాడకు గులాబీ పూలు, నీలం పూలు కలిసి పూసి కనిపించే లంగ్‌వర్ట్. నేను కొన్న సమయానికి మొదటిదాని ధర 40 నుంచి 60 డాలర్ల మధ్య, రెండోదాని ధర 12 నుంచి 18 డాలర్ల మధ్య ఉండేది. రెండింటినీ ఒకే పెరట్లో కొన్నేళ్లుగా పెంచుతున్నాను కనుక, డబ్బు పెట్టబోయేవారికి పనికివచ్చే సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా ఎండ పడే జాగా ఒక్కటి ఉన్నా నారింజను నిస్సందేహంగా కొనవచ్చు, లంగ్‌వర్ట్‌ను మాత్రం ఉత్తరపు గోడ నీడ, వేసవి అంతా ఆగకుండా అందే నీరు, ఈ రెండూ ఉన్నవారే కొనాలి.

నారింజ విషయంలో మొదట తేల్చుకోవలసింది రకం. ఇక్కడి నర్సరీలలో ప్రధానంగా దొరికేవి వాషింగ్టన్ నేవెల్, వలెన్సియా. ఈ రెండూ మన నల్లగొండ బత్తాయి, అనంతపురం చీనీ ఏ జాతివో ఆ జాతికే చెందినవి. మన తోటల్లో బత్తాయి, చీనీ అని పిలిచేది ఎక్కువగా ఆ జాతిలోని సాత్‌గుడి రకమే. అయితే రుచిలో, రంగులో తేడా స్పష్టంగా తెలుస్తుంది. సాత్‌గుడి కాయలో గింజలు ఎక్కువ, పులుపు తక్కువ; రాత్రులు బాగా చల్లబడని మన మైదానాల్లో పండినా తొక్క పూర్తిగా నారింజ రంగుకు తిరగదు. నేవెల్‌లో గింజ ఉండదు, కాయ అడుగున బొడ్డులాంటి చిన్న పిల్లకాయ ఉంటుంది, తొక్క మందంగా ఉండి సులువుగా ఒలుచుకోవడానికి వస్తుంది. ఒలిచి తొనలు తినడానికి దీనికి సాటి వచ్చే పండును నేను ఈ పెరట్లో మరొకటి చూడలేదు. కానీ ఉదయం రసం తీసి సాయంత్రానికి తాగుదామనుకునేవారికి ఇది సరిపడదు; నేవెల్ రసం తీసి ఉంచిన కొన్ని గంటల్లో లిమోనిన్ అనే పదార్థం వల్ల చేదెక్కుతుంది. బత్తాయి రసానికి అలవాటుపడిన ఇంట్లో వలెన్సియానే పెట్టుకోవాలని నా సలహా. దానిలో కొద్దిపాటి గింజలుంటాయి, పూత నుంచి పండు వరకు ఏడాదికి పైగా పడుతుంది, కానీ పండినవాటిని నెలల తరబడి చెట్టు మీదే ఉంచి కావలసినప్పుడు కోసుకోవచ్చు. నేవెల్ శీతకాలంలో చేతికి వస్తే, వలెన్సియా ఆ తర్వాతి వసంతం నుంచి వేసవి దాకా వస్తుంది. స్థలం ఉంటే రెండూ పెట్టుకున్నవారి ఇంట్లో ఏడాదిలో ఎక్కువ నెలలు పండ్లుంటాయి.

నేవెల్ కథ తెలిస్తే అంటు మొక్కకు ఎందుకంత ధర ఇస్తున్నామో అర్థమవుతుంది. బ్రెజిల్‌లోని బహియా ప్రాంతం నుంచి అమెరికా వ్యవసాయ శాఖకు వచ్చిన ఈ రకం అంట్లను 1873లో ఎలైజా టిబెట్స్ అనే ఆమె దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో నాటారు. గింజ లేని పండు కనుక దీన్ని అంటు కట్టి మాత్రమే పెంచగలరు. అలా ఒక చెట్టు కన్ను (కొమ్మ మీది మొగ్గ) తీసి మరో మొక్కకు కట్టుకుంటూ వచ్చినవే కాలిఫోర్నియా నేవెల్ తోటలన్నీ. ఆమె నాటిన వాటిలో ఒక చెట్టు నేటికీ రివర్‌సైడ్‌లో, మాగ్నోలియా, ఆర్లింగ్టన్ వీధుల కూడలిలో బతికే ఉంది, దాని రక్షణకు చుట్టూ తెర కూడా కట్టారు. కనుక మనం నర్సరీలో కొనే మొక్క పై భాగం ఆ చెట్టుకు నేరుగా వారసురాలే.

పై భాగం ఎంత మంచిదైనా కింది భాగం ఏదో అడగకుండా కొనకూడదు. మన దగ్గర సాత్‌గుడిని రంగపూర్ నిమ్మ మీదో జంబేరి మీదో అంటు కడతారు. ఇక్కడ మూడాకుల నారింజ సంతతి రూట్‌స్టాక్‌లు (అంటు కింద ఉండే వేరు మొక్కలు) ఎక్కువగా వాడతారు. వాటిలో ఫ్లయింగ్ డ్రాగన్ మీద కట్టిన మొక్క నిజమైన పొట్టి చెట్టవుతుంది, దాదాపు 2 మీటర్ల ఎత్తుకు అటూ ఇటూ నిలిచిపోతుంది, మెల్లగా పెరుగుతుంది. నిచ్చెన లేకుండా కాయ కోసుకోవాలనుకునే చిన్న పెరటికి అదే తగినది. నేను కొన్న మొక్క చీటీ మీద "డ్వార్ఫ్" అని మాత్రమే ఉంది, రూట్‌స్టాక్ పేరు లేదు. అడిగితే అమ్మే కుర్రవాడు తెలియదన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఉండబోయే చెట్టుకు ఈ వివరం ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు, అందుకే పేరు రాసి ఉన్న మరో చోటికి వెళ్లి రెండో మొక్కను కొన్నాను.

మొక్కను దగ్గరగా చూస్తే మరికొన్ని తెలుస్తాయి. కాండం మీద నేల నుంచి జానెడు ఎత్తులో చిన్న వంపు, బెరడు రంగులో తేడా కనిపిస్తాయి, అదే అంటు. ఆ అంటు కింది నుంచి చిగురు వచ్చి, దాని ఆకు మూడు రెబ్బలుగా చీలి, పొడవైన ముల్లుతో ఉంటే అది రూట్‌స్టాక్ చిగురని అర్థం. దాన్ని మొదట్లోనే వేళ్లతో తుంచేయాలి, వదిలేస్తే కొన్నేళ్లలో పై చెట్టును మించి పెరిగి, పుల్లని, గింజలు నిండిన కాయలను ఇస్తుంది. "మా నారింజ చెట్టు మునుపు తియ్యని కాయలిచ్చేది, ఇప్పుడు పులుపెక్కింది" అని బాధపడేవారి పెరట్లో చాలాసార్లు జరిగింది ఇదే. నాటేటప్పుడు అంటు భాగం మట్టిలో కప్పబడకుండా చూడాలి. మొదటి రెండేళ్లు కాయ నిలిస్తే చెట్టు బలమంతా దానికే పోతుంది కనుక పిందెలు తుంచేయడం మంచిదంటారు. ఇంట్లో పిల్లలున్నవారు ఒకటి రెండు వదిలేసినా కొంప మునగదు. ఏప్రిల్‌లో పూత నిండుగా వచ్చి పెరడంతా పరిమళిస్తుంది. ఆ పూలలో, పిందెలలో నూటికి తొంభైకి పైగా రాలిపోతాయి, అది సహజం. కొత్తగా పెంచేవారు జూన్‌లో నేల మీద పిందెలు చూసి కంగారుపడి ఎరువు కుమ్మరించకూడదు.

చలి గురించి ఇక్కడ పెద్దగా భయం అక్కర్లేదు. నేవెల్ చెట్టు సున్నాకు 3, 4 డిగ్రీల సెల్సియస్ దిగువ వరకు కొంతసేపు తట్టుకుంటుంది, కాయలు అంతకన్నా ముందే దెబ్బతింటాయి. మంచు కురిసే రాత్రి చిన్న మొక్క మీద పాత దుప్పటి కప్పి, నేలను ముందు రోజే తడిపి ఉంచితే సరిపోతుంది. అలాగే లేత కాండానికి నీళ్లు కలిపిన తెల్లని లేటెక్స్ రంగు పూస్తే ఎండదెబ్బ తగలదు.

నారింజకు ఇక్కడున్న అసలు ప్రమాదం గ్రీనింగ్ తెగులు. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే, బియ్యపు గింజకన్నా చిన్న పురుగు దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. ఒకసారి సోకితే మందు లేదు, కాయలు వంకరపోయి, ఆకుపచ్చగానే ఉండిపోయి, చేదెక్కి కొన్నేళ్లలో చెట్టు చచ్చిపోతుంది. ఫ్లోరిడాలో 2005లో ఈ తెగులు బయటపడింది. 2003-04 పంటకాలంలో 24 కోట్ల పెట్టెలు దాటిన ఆ రాష్ట్రపు నారింజ దిగుబడి 2022-23 నాటికి, తుపాను దెబ్బ కూడా తోడై, 2 కోట్ల పెట్టెలకు కూడా చేరలేదు. కాలిఫోర్నియాలో ఆ పురుగు 2008లో కనబడింది, తెగులు 2012లో లాస్ ఏంజెలెస్ కౌంటీలోని హసీండా హైట్స్‌లో ఒక ఇంటి పెరటి చెట్టులో బయటపడింది. ఆ తర్వాత బే ఏరియాలోనూ క్వారంటైన్ హద్దులు గీశారు. ఈ విషయంలో మన తెలుగువారి బాధ్యత ఇతరులకన్నా కొంచెం ఎక్కువ, ఎందుకంటే మన ప్రతి పెరట్లోనూ ఉండే కరివేపాకు చెట్టు కూడా ఈ పురుగు గుడ్లు పెట్టి పెరిగే చెట్లలో ఒకటి. ఒక ఊళ్లో ఉన్న స్నేహితుల ఇంటి నుంచి కరివేపాకు పిలకను కవర్‌లో పెట్టుకుని ఇంకో ఊరికి తీసుకువెళ్లడం మనకు మంచి మర్యాదగా అనిపిస్తుంది. ఆ లేత చిగుళ్ల మీద కంటికి ఆనని గుడ్లుంటే పురుగు కూడా కొత్త ఊరికి చేరుతుంది. ఇండియా నుంచి సాత్‌గుడి పుల్లను సామానులో పెట్టుకుని రావాలనే ఆలోచన అయితే అసలే చేయకూడదు, అది చట్టవిరుద్ధం, తెగులును నేరుగా ఇంటికి తెచ్చుకోవడం కూడా. రివర్‌సైడ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి తెగుళ్లు లేవని తేల్చిన కన్నులతో కట్టిన మొక్కలను లైసెన్సున్న నర్సరీలోనే కొనాలి.

చీమలను చెట్టెక్కనివ్వకపోవడం దీనిలో భాగమే. ఈ సిల్లిడ్‌ను అదుపు చేయడానికి పాకిస్థాన్‌లోని పంజాబ్ నుంచి తెచ్చిన టమారిక్సియా అనే చిన్న కందిరీగను రివర్‌సైడ్ శాస్త్రవేత్తలు 2011 నుంచి విడుదల చేస్తున్నారు. అది పురుగు పిల్లల మీద గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. చీమలేమో పురుగు విసర్జించే తీపి ద్రవం కోసం కాపలా కాసి ఆ కందిరీగను తరిమేస్తాయి. కింది కొమ్మలను నేలకు మూరెడు ఎత్తు వరకు కత్తిరించి, కాండానికి గుడ్డపట్టీ చుట్టి దాని మీద జిగురు పూస్తే చీమలతో పాటు నత్తలు కూడా ఆగుతాయి. ఆకులో వంకరటింకర గీతలు గీసే పురుగు ప్రతి వేసవి చివరా చిగుళ్లను ముడిచేస్తుంది, చూడటానికి బాగుండదు గానీ చెట్టుకు అంతగా నష్టం లేదు, మందు కొట్టకండి.

ఇక లంగ్‌వర్ట్. ఇది యూరప్, పశ్చిమాసియా అడవుల నేల మీద, ఆకురాల్చే చెట్ల కింద పెరిగే బహువార్షికం. ఊపిరితిత్తులను పోలిన మచ్చల ఆకులని పాతకాలపు యూరప్ వైద్యులు దగ్గుకు వాడేవారు. తోటమాలికి ఆ మచ్చలే మొదటి ఆకర్షణ. ఆకును చేత్తో నిమిరితే గరుకుగా, ముళ్లలాంటి నూగుతో తగులుతుంది. కొండవైపు ఇళ్లలోకి వచ్చే జింకలు దీన్ని ముట్టకపోవడానికి ఆ నూగే కారణం. వెండి మచ్చ రంగుతో వచ్చింది కాదు, ఆకు పైపొర కింద గాలి చేరిన చోట్లు వెలుగును తిప్పికొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. మొక్క అడుగు ఎత్తుకు మించదు, అడుగున్నర దాకా పరుచుకుంటుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పెరట్లో మరేదీ పూయని సమయంలో, ఇది పూయడం నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చిన గుణం. మొగ్గ విచ్చినప్పుడు పువ్వు గులాబీ రంగులో ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో రేకులోని రసం ఆమ్లగుణం తగ్గి నీలానికి తిరుగుతుంది. అందువల్ల ఒకే గుత్తిలో పై మొగ్గలు గులాబీగా, పక్కనే విచ్చినవి ఊదాగా, కిందివి నీలంగా ఒకేసారి కనిపిస్తాయి. తేనె గులాబీ పూలలోనే ఎక్కువ. కాసేపు నిలబడి చూస్తే తేనెటీగ నీలం పూలను దాటుకుంటూ గులాబీ పూల మీదే వాలడం కనిపిస్తుంది. ఇంటి ఉత్తరం వైపు, గోడకూ కంచెకూ మధ్య ఉండే సన్నని సందులో, చెత్త డబ్బాలు తప్ప మరేమీ పెట్టలేమని వదిలేసిన చోట, ఇలాంటి పూలు పూయించగల మొక్కలు చాలా తక్కువ.

కానీ ఇక్కడి వేసవి దీనికి సరిపడదు. మే నుంచి అక్టోబర్ దాకా దాదాపు చినుకు పడని ఈ ప్రాంతంలో, నేల తడిగా ఉన్నా సరే, మధ్యాహ్నపు ఎండ కాస్త తగిలితే ఆకులు వేలాడిపోతాయి, సాయంత్రానికి మళ్లీ లేస్తాయి. నేల పొడిబారితే లేవవు. వేసవి చివరకు పాత ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా పరుచుకుంటుంది. పూలు అయిపోగానే మొక్కను నేలమట్టానికి కోసేసి, కంపోస్టు వేసి, నీరు ఇస్తే కొత్త ఆకులు శుభ్రంగా వచ్చి ఈ బాధ చాలా వరకు తప్పుతుంది. నాకు ఇది చేయక తప్పని పని, ఏటా చేస్తున్నాను. వెడల్పాకుల రకాలకన్నా సన్నని పొడవాకుల జాతి వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. పేరు చూసి కొనేవారు లాంగిఫోలియా అని రాసి ఉన్నవాటిని, వాటి సంకరాలను ఎంచుకోవాలి. తెల్లని పూల సిసింగ్‌హర్స్ట్ వైట్‌కు ఇంగ్లండ్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పురస్కారం ఉంది, చీకటి మూలలో అది మిగతావాటికన్నా బాగా కనిపిస్తుంది. మొక్క గుబురుగా ఎదిగాక శరదృతువులో తవ్వి రెండు మూడుగా విడదీసుకోవచ్చు కనుక ఒక్కటి కొంటే చాలు; నర్సరీవారు ఐదు కొనమంటారు, అవసరం లేదు.

రెండింటినీ చూసినవారికి సహజంగా వచ్చే ఆలోచన, నారింజ చెట్టు నీడలోనే లంగ్‌వర్ట్ పెడితే స్థలం కలిసి వస్తుందని. ఇది చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. నారింజ వేళ్లలో ఆహారం తీసుకునేవి పైపైనే, రెండడుగుల లోతులోపే ఉంటాయి. చెట్టు చుట్టూ తవ్వినా, మరో మొక్క వాటితో పోటీపడినా చెట్టు నష్టపోతుంది. నీటి అవసరం రెండింటికీ పొసగదు: నారింజకు ఒకసారి లోతుగా తడిపి, పైమట్టి ఆరాక మళ్లీ పెట్టాలి, లంగ్‌వర్ట్‌కు ఎప్పుడూ చెమ్మ ఉండాలి. మొదలు దగ్గర ఆ చెమ్మ నిలిస్తే ఫైటోఫ్తోరా అనే, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి చేరి కాండం నుంచి బంక కారుతుంది. అనంతపురం, కడప చీనీ తోటల్లో బంక తెగులు ఎంత నష్టం చేస్తుందో తెలిసిన రైతులు అందుకే చెట్టు చుట్టూ రెండు వలయాలుగా పాదు తీసి, నీరు మొదలును తాకకుండా బయటి వలయంలోనే పారిస్తారు. మొదలుకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూసే అలవాటు కూడా దానికోసమే. బే ఏరియాలో చాలా చోట్ల ఉన్న బంకమట్టి నేలలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. నేల ఎత్తు చేసి మట్టికట్ట మీద నాటితే మంచిది. నారింజ కింద చెక్కపొట్టు పరిచి, అది కూడా కాండానికి జానెడు దూరంలో ఆపి, అంతకు మించి ఏమీ పెట్టకుండా వదిలేయాలి.

ఇతర చోట్ల ఉన్నవారికి ఈ తీర్పు మారుతుంది. న్యూజెర్సీ, సియాటిల్, ఇంగ్లండ్ ప్రాంతాల్లోని తెలుగువారికి లంగ్‌వర్ట్ దాదాపు శ్రమ లేని మొక్క. మంచు గడ్డకట్టే చలిలో ఆకులు పోయినా వేరు బతికి వసంతంలో మళ్లీ వస్తుంది. న్యూజెర్సీలో నారింజను నేలలో నాటితే మొదటి శీతకాలం దాటదు, కుండీలో పెంచి చలికాలమంతా ఇంట్లో కిటికీ దగ్గర పెట్టుకోవాలి, కాయల సంఖ్య మీద ఆశ పెట్టుకోకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి లంగ్‌వర్ట్ విత్తనాలు కొనడం డబ్బు వృథా, మన వేసవిలో అది నిలవదు. అక్కడి నీడకు ఆగ్లోనిమా, కలాడియం, ఫెర్నులు ఉండనే ఉన్నాయి. ఎండ పడే పెరట్లో రంగపూర్ నిమ్మ మీద కట్టిన సాత్‌గుడి అంటును తిరుపతి పరిశోధనా స్థానం వంటి నమ్మకమైన చోటు నుంచి తెచ్చుకుంటే నాలుగైదేళ్లలో కాపు మొదలవుతుంది.

బే ఏరియాలో ఈ రెండింటిలో ఒకదానికే డబ్బు పెట్టేవారు ఒక ఎండరోజు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం వరకు గంటకోసారి పెరట్లోకి వెళ్లి ఎండ ఎక్కడ పడుతోందో చూసి, అప్పుడు నర్సరీకి వెళ్లాలి. నారింజను మార్చి, ఏప్రిల్ నెలల్లో కొనాలి, అప్పుడు నాటితే వేసవి అంతా వేరు పాకుతుంది. కొనేటప్పుడు కుండీ అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికి రాని మొక్కను ఎంచుకోవాలి. కాయలున్న మొక్కకన్నా, కాయ లేకపోయినా కాండం లావుగా, ఆకు ముదురు పచ్చగా ఉన్నదే మేలు. లంగ్‌వర్ట్‌ను పూతలో ఉండగా, ఫిబ్రవరి, మార్చిలో కొంటే పూల రంగు, ఆకు మచ్చ రెండూ కళ్లతో చూసి ఎంచుకోవచ్చు. వేసవిలో సగం ధరకు పెట్టిన వాడిపోయిన మొక్కలను తీసుకోకండి. డ్రిప్ గొట్టం చేరని చోట దాని బదులు హెల్లెబోర్ అనే నీడ మొక్క పెట్టండి. అదీ శీతకాలం చివరే పూస్తుంది, ఒకసారి వేరు పట్టాక చాలా తక్కువ నీటితో వేసవి గడుపుతుంది.